ఏలియా మేస్త్రి నెత్తురు కాయితం

పందొమ్మిది వందల అరవై మూడు. వరంగల్లు మిషన్ దవాఖానలో నెత్తురు పరీక్ష చేసే గది. లోపల ఆ పనిచేసే సుశీల. ఎదురుగా రఘునాథపల్లి నుంచి వచ్చిన ఏలియా మేస్త్రి భార్య కృపమ్మ.

“కూసో పెద్దమ్మా, చెప్తనంటున్న గద.”

“చెప్తనంటనే ఉన్నవు బిడ్డా. కాయితం నీ చేతులనే ఉన్నది.”

“సిరా పచ్చిగున్నది, జర ఆరనీ. పెద్దబాపు రాలేదా?”

“రాలె.”

“నడువలేకపోతాండా?”

“ఇగ ఆయన యాడ నడుస్తడు... కాయితం సంగతి చెప్పు. మొదలు నలభై ఆరన్నవు. తర్వాత తొంభై అన్నవు. మొన్న తీసిన నెత్తుర్ల ఎంతొచ్చింది?”

“మంచిగ యాదికున్నయే నీకు!”

“ఎట్ల మరుస్త? రెండు నెలలసంది ఆ లెక్క కోసమే గద ఉప్పు లేని జొన్న గట్క పోసింది. ఊర్ల సగం గోడలు లేపిన మేస్త్రి, ఆ చప్పటి గట్క ముందలేసుకొని చిన్నపిల్లగాని లెక్క అలిగి కూసునేది.”

“గోలీలు మింగుతాండా?”

“మింగిండు.”

“కండ్లకు మసకలొస్తానయా?”

“ఇప్పుడు లెవ్వు.”

“మరి మంచిదే గద.”

“నిన్న పొద్దుగూకంగ తొక్కు అడిగిండు బిడ్డా. మామిడికాయ తొక్కు. జరంత వేలుకు అద్ది పెట్టు కృపా, అన్నడు. నేను పెట్టలె. జాడి అటక మీద పెట్టి నిచ్చెన తీసేసిన.”

“మంచిపని చేసినవు.”

“మంచిపనేనా?”

“మరి? ఉప్పు తింటే ప్రెషర్ లేస్తది. ప్రెషర్ లేస్తే కిడ్నీలు కరాబైతయ్. అవి కరాబైతే మూత్రంల పోవాల్సిన చెడు నెత్తుర్లనే నిలుస్తది. అది ఎంతున్నదో చూసుడే ఈ పరీక్ష, యూరియా అంటరు. కిడ్నీలు చెడ్డకొద్దీ ప్రెషర్ ఇంకింత లేస్తది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంట పోతయ్.”

“వేలంత తొక్కుకు ఎంత లేస్తుండె?”

“పెద్దమ్మా...”

“చెప్పు బిడ్డా. వేలంత.”

“వేలంతకేం కాదు. ఏడుస్తానవేంది? క్రిస్మస్ నాడు జరంత పెట్టు. డాక్టరమ్మకు నేను చెప్పనులే.”

“...సరే. ఇంకోటి అడుగుత. ఈ రోగం తండ్రి నుంచి పిల్లలకొస్తదా?”

“కొన్ని ఇండ్లల్ల వస్తది. ఎందుకు?”

“మా మరియమ్మను రంగశాయిపేటకిచ్చినం గద. ఇప్పుడు ఏడో నెల. పొద్దుగాల పోయి చూసేసరికి కాళ్లు వాసినయ్, చెప్పులు పడుతలేవు. తల పగులుతాందమ్మా, కండ్ల ముందట ఏందో మిణుకు మిణుకుమంటాంది, అన్నది. వాళ్ల నాయినకు గిట్లనే షురువైంది.”

“అయ్యో! కడుపుతోటున్న మనిషి, ఆగొద్దు. డాక్టరమ్మకు చూపెట్టు.”

“చూపెట్టిన. ఇగో చిట్టీ. పిల్ల వరండా అవతలి కొసకు కూసున్నది.”

“ప్రెషర్ నూట డెబ్బై! నెత్తురు తీసి ఇయ్యాల్నే వార్డుల పండవెట్టాలని రాసింది.”

“నోటితోని గూడ చెప్పింది. పెద్దగ ఏడ్వద్దు, బెదరొద్దు, ఏమన్నైతే తల్లీ పిల్లా ఇద్దరు దక్కరు అన్నది.”

“అట్లైతే పెద్దబాపు సంగతి మరియకు చెప్పకు. ఇగ నేను దాసి లాభం లేదు పెద్దమ్మా. ఈసారి నూట తొంభై వచ్చింది. ఆయన్ను ఇయ్యాల్నే తోలుకరా.”

“ఆయన తెల్లారంగ పోయిండు బిడ్డా.”

“...ఏందీ?”

“నీళ్లడిగిండు. తాగి పక్కకొరిగిండు. పొద్దుగూకకముందే మట్టి చెయ్యాలె. మా మరిదోళ్లు ఆడున్నరు. బిడ్డను తోలుకపోదామని మొదటి బస్సుకొచ్చిన. నాయిన నిన్ను చూడాలంటాండు, లే అని దానికి చెప్పిన. దాని కాళ్లు చూసి మొదలు ఈడికి తెచ్చిన.”

“యేసయ్యా! మరి ఇంతసేపు ఈ కాయితం కోసం ఎందుకడిగినవ్?”

“ఎంతకొస్తే మనిషి దక్కడో ఎరుకైతదని. మరియది అంతదాకా పోనియ్యద్దని.”

“మరియకు చెప్పవా?”

“అల్లునికే చెప్పిన. మిల్లుల ఒక దినం చుట్టీ అడగవోయిండు. నేను బస్సెక్కినంక దీని కాడ ఉంటడు.”

“తండ్రి మొఖం చూడనియ్యకపోతే రేపు నిన్ను ఊకుంటదా పెద్దమ్మా?”

“ఊకోదు. బతికుండి తిట్టనీ.”

“...పిలువు మరి. సూది ఉడికింది. కండ్లు తుడుసుకో.”

“తుడుసుకున్న. మరియా! ఇటు రా బిడ్డా.”

“ఎంతసేపే అమ్మా? బస్సు పోతే ఎట్ల? నాయిన ఎదురుచూస్తాండు గద.”

“ఆ సిస్టర్‌కు చెయ్యియ్యి. నువ్వు ఇయ్యాల ఈడ్నే పండుకోవాల్నట. నేనొక్కదాన్నే పోత. మరియ రాలేకపోయిందని నాయినకు నేను చెప్తలే.”