‘అర్థం కాలేదు’ అనిపించుకున్న టీచర్

సభకు వచ్చిన పెద్దలకు, తోటి టీచర్లకు, అక్కలకు, తమ్ముళ్ళకు నమస్కారం. కుళ్ళాయమ్మ లేదు. ఈ మాట చెప్పడానికే నన్ను మైకు ముందుకు పిలిచినారు. చెప్పేసినాను. ఇంక మిగతాది ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు.

నేను నాజియాను. హిందూపురంలో లెక్కలు చెప్తాను. తొంభై ఏడులో నాకూ ఆమెకూ ధర్మవరంలో ఒకే నెలలో ఉద్యోగమొచ్చింది. ఇద్దరం ఒకే గది అద్దెకు తీసుకుంటిమి. కింద ఇంట్లో మగ్గాలు. పొద్దున లేచినప్పటి నుంచి టకటకా టకటకా. నాకు తలనొప్పి, ఆమెకు మాత్రం ఆ చప్పుడు కావాల. "మనుషులుండారని తెలుస్తాంటుంది కదే" అనేది. అమ్మానాయన చిన్నప్పుడే పోయినారు ఆమెకు. పెళ్ళి వద్దనుకునింది. నేను పెళ్ళి చేసుకుని హిందూపురం పోతే, ఆ గదిలో ఒక్కతే మిగిలింది. తరువాత ఈ పెనుకొండకు వచ్చింది.

నాకు ముందు మాట్లాడినోళ్ళు ఆమెను దేవత అన్నారు, త్యాగమూర్తి అన్నారు. ఏం దేవతబ్బా! మహా కోపిష్టిది. టీలో చక్కెర తక్కువైతే పూటంతా మొగం ముడుచుకుని కూచునేది. నా వంకాయ కూరకు వంక పెట్టకుండా ఒక్కనాడూ తినలేదు. దేవతను చేసేస్తే మనకు సులువు. దండేసి ఇంటికి పోవచ్చు. ఆమె మనిషి. మనిషిగానే చెప్పుకుందాం.

అయ్యా, మనమందరం క్లాసులో రోజూ ఒక మాట అడుగుతాం. ‘అర్థమైందా?’ పిల్లోళ్ళు ఏమంటారు? ‘అయింది టీచర్!’ పైకప్పు లేచిపోయేట్లు అంటారు. మనం సంతోషంగా సుద్దముక్క కింద పెట్టి వచ్చేస్తాం. అంతే కదా? కుళ్ళాయమ్మకు మాత్రం ఆ కేక మీద అనుమానం పుట్టింది. ఇంత గట్టిగా అంటాండారంటే ఏదో దాస్తాండారు అనింది.

సరే, శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఒక్కొక్కరికీ ఒక తెల్లకాగితం ఇచ్చింది. ఈ వారం నాకు అర్థం కానిది ఏమి, రాయండి అనింది. ఏం రాసినారో తెలుసునా? ‘టీచర్ బాగా చెప్పినారు. అంతా అర్థమైంది.’ క్లాసు క్లాసంతా అదే మాట. ఆదివారం ఆ కాగితాల కట్ట మా ఇంటికి తెచ్చి చాప మీద పడేసింది. "చూడే నాజియా, ఇంతమంది కలిసి నన్ను ఒంటిదాన్ని చేసినారు" అనింది. నేను నవ్వినాను. ఆమె నవ్వలేదు.

వాళ్ళకు చదువు రాకనా? కాదు. అర్థం కాలేదంటే టీచరమ్మ బాధపడుతుందని. పెద్దోళ్ళకు ఎదురు చెప్పినట్లయితుందని. మర్యాద! మన పిల్లోళ్ళ మర్యాద వాళ్ళ నోరు కట్టేస్తాంది. మరి ఎవరు ముందు విప్పాల? తానే విప్పాలనుకునింది.

అప్పటికి బడికి కంప్యూటర్లు వచ్చినాయి. వచ్చి ఏం లాభం? పాడైపోతాయని గదికి తాళం, వాటి మీద గుడ్డలు. ఆయుధపూజ నాడు తీసి పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం చూపించి, మళ్ళీ తాళం. ఆ కంప్యూటర్లు కరెంటు కంటే హారతే ఎక్కువ చూసినాయి. నవ్వండి, నవ్వండి, ఆమె కూడా నవ్వేది. నవ్వి, ఆదివారం రైలెక్కి హిందూపురం వచ్చేది, మా వీధిలో సలీం నడిపే నెట్ సెంటర్‌కు.

ఆడ రెండు వేల ఆరులో మొదలైంది బ్లాగు. తెలియనోళ్ళకు చెప్తాను, అది బడిలో గోడ పత్రిక లాంటిదే. కాకపోతే కంప్యూటర్లో ఉంటాది, యాడున్నోళ్ళయినా చదవొచ్చు, చదివి కింద తమ మాట రాయొచ్చు. పిల్లోళ్ళ కాగితాల్లోని మాటలు ఒక్కో అక్షరం వెతుక్కుంటా కొట్టేది. పైన పిల్లోళ్ళ మాట, కింద తన మాట. మొదటి వారం తన మాటే రాసింది: ‘సాంద్రత పాఠం నేను గబగబా చెప్పినాను. సిలబస్ అయిపోవాలని తొందరపడినాను. మీకు అర్థం కాకపోతే అది నా తప్పు. బుధవారం మళ్ళీ చెప్తాను.’ సలీం దాన్ని ప్రింటు తీసిస్తే సోమవారం క్లాసు గోడకు అంటించింది. పిల్లోళ్ళు గుంపుగా నిలబడి చదివినారంట. టీచరు తప్పు అని రాసుకోవడం వాళ్ళు ఎప్పుడు చూసినారు? మీరెప్పుడైనా చూసినారా?

ఆ శుక్రవారం నుంచి కాగితాలు మారినాయి. ‘బోర్డు మీద రాస్తా మాట్లాడితే వినబడదు టీచర్.’ ‘మీరు ముందు బెంచీలనే అడుగుతారు.’ ‘నాకు తెలుసు గానీ చెప్పడానికి భయం.’ ఒక్కొక్కటీ చదివి ఆమె తన పాఠం మార్చుకుంటాంటే నేను కళ్ళారా చూసినాను. పదేండ్ల సర్వీసు తరువాత ఎట్లా నిలబడాల, ఎవరిని అడగాల, యాడ ఆగాల అని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకునింది.

ఇంత జరుగుతాంటే ఆమెకు ఏం కావాలనుంటాది? ఇంకొక టీచరు. అంతే. ‘నాకూ ఇట్లా అయింది, నేనిట్లా చెప్పినాను’ అని కింద ఒక ముక్క రాసే ఇంకొక టీచరు. ట్రైనింగ్‌లకు పోయినప్పుడల్లా బ్లాగు అడ్రసు చీటీల మీద రాసి పంచేది. జేబులో పెట్టుకుంటిరి, మరిచిపోతిరి. నాకు అచ్చు కొట్టడం రాదు, పక్కన కూచోని చదివి, నాకు తోచింది మొగం మీదనే చెప్పేదాన్ని. "నువ్వు ఇంటి మనిషివి, నీది లెక్కలోకి రాదు పో" అనేది. ప్రతి ఆదివారం ముందు చూసేది అదే. వ్యాఖ్యలు: సున్నా. మళ్ళీ ఆదివారం. సున్నా.

ఒకనాడు ఒకటి కనబడింది. కుర్చీలో నుంచి ఎగిరింది! సలీంను పిలిచి అందరికీ టీ చెప్పింది. తెరిచి చూస్తే ఇంగ్లీషులో ఎవడో, ఒళ్ళు తగ్గే మాత్రలు కొనమని ప్రకటన. సలీం తలకాయ వంచుకున్నాడు. ఆమె మాత్రం అది ప్రకటనంటే నమ్మలేదు. చదివినందుకు థాంక్స్ అండీ, మీరు ఏ స్కూల్లో పనిచేస్తాండారు అని తెలుగులో జవాబు కొట్టింది. నేను ఆపలేదు. ఎట్లా ఆపేది?

ఇంక చందమామ సంగతి. మీలో చాలామందికి తెలుసు, తెలిసిన పద్ధతి వేరే. చందమామ తగ్గేది పెరిగేది భూమి నీడ పడడం వల్ల అని ఆమె పాఠం చెప్పింది. ఆ వారం వరలక్ష్మి అనే పిల్ల ఇట్లా రాసింది: ‘మొన్న అష్టమి నాడు మధ్యాన్నం మూడు గంటలప్పుడు శెనక్కాయ చేన్లో కలుపు తీస్తాంటి. పడమట సూర్యుడు, తూర్పున సగం చందమామ, రెండూ కనిపించినాయి. భూమి మధ్యలోకి రాలేదు. మరి నీడ యాడ నుంచి వచ్చింది టీచర్?’

ఆ ఆదివారం నెట్ సెంటర్లో వెతికి వెతికి చదివింది. నీడ కాదు. నీడ పడేది గ్రహణం నాడు. మామూలు రోజుల్లో సూర్యుని వెలుగు పడిన సగంలో మనకు ఎంత కనబడితే అంత. చదివి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుండిపోయింది. "పదేండ్లే నాజియా, పదేండ్లు తప్పు చెప్పినాను. వాళ్ళంతా అర్థమైంది అన్నారే" అనింది. ఏడ్చింది. తరువాత కండ్లు తుడుచుకుని అదంతా బ్లాగులో పెట్టింది. వరలక్ష్మి ప్రశ్న పైన, తన తప్పు కింద. నా దగ్గర చదివిన మీ అన్నలకు, అక్కలకు కూడా చెప్పండి అని రాసింది.

ఇన్నాళ్ళూ ఎవరూ చదవని బ్లాగులో ఆ ఒక్కటి మాత్రం మన టీచర్లంతా చదివినారు! ప్రింటు తీసి ఒకరి చేతి నుంచి ఒకరికి పంచుకున్నారు. ‘చందమామ టీచర్’ అని ఎగతాళిగా పేరు పెట్టినారు. ఒక అధికారి వచ్చి, ప్రభుత్వ టీచరు తనకు రాదని ఊరంతా చాటుకుంటుందా అని మెమో ఇచ్చినాడు. ఆ ఒక్కటి తీసేస్తే మెమో కూడా తీసేస్తాం అన్నారు. తీసెయ్యి తల్లీ అని నేను కూడా బతిమలాడినాను. ఆమె ఒకటే మాట: "తీసేస్తే, అడిగిన పిల్ల తప్పు చేసినట్లయితుంది." తీయలేదు. స్టాఫ్ రూములో ఆమె కూచుంటే పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. మధ్యాన్నం క్యారియర్ తీసుకుని ఖాళీ క్లాసులోకి పోయి తినేది. ఆ గోడ మీది కాగితాలు చూస్తా తినేదాన్ని అని నాకు చెప్పింది, నవ్వుతానే చెప్పింది. ఒకరన్నా పోయి పక్కన కూచోకూడదా? ఒక ముద్ద పెట్టి, ఏమమ్మా, నాకూ చందమామ సంగతి తెలీదులే అనకూడదా? మనకు మాత్రం తెలుసునా ఏమి!

ఆ ఏడాదే బదిలీ, ఆమడగూరుకు. రెండు బస్సులు మారి ఆదివారం హిందూపురం రావాల. వచ్చింది. ఆడ కూడా శుక్రవారం కాగితాలు, ఆడ కూడా ముందు ‘అంతా అర్థమైంది టీచర్’. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. జుట్టు నెరిసింది, మాట తగ్గింది, కాగితాలు మానలేదు. ఒక్కోసారి అలిసిపోయి, "చీకట్లో మాట్లాడుతాండానేమో కదే" అనేది. కాదు కాదు అనేదాన్ని. నా మాట లెక్కలోకి రాదు కదా.

పోయిన నెల ఒక సోమవారం బడికి రాలేదు. రాకుండా ఉండే మనిషి కాదని పిల్లోళ్ళే ఆమె అద్దె గదికి పోయి తలుపు తట్టినారు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. ఆఖరికి ఆమెను వెతుక్కుంటా పోయింది మనం కాదు, వాళ్ళు. వరలక్ష్మికి ఫోన్ చేసి చెప్పినాను. ఆ పిల్ల ఇప్పుడు బెంగళూరులో గార్మెంట్స్‌లో పనిచేస్తాంది. సెలవు ఇవ్వలేదంట. నాకు ఎంత దిగులుగా ఉండాదో మీకు చెప్పలేను. ఆదివారం వస్తాందంటే భయమేస్తాంది.

ఇప్పుడు లేచి మౌనంగా నిలబడమని మీకు చెప్పాల. చెప్తాను. కానీ ఒక్క మాట. మౌనం మనకు కొత్తనా? ఆమె రాసి రాసి అడిగితే మనం మౌనంగా ఉన్నాం. మెమో ఇస్తే మౌనంగా ఉన్నాం. ఖాళీ క్లాసులో ఒక్కతే తింటాంటే మౌనంగా ఉన్నాం. ఆమెకు మనం ఇచ్చిందంతా ఇదే. ఈ రెండు నిమిషాలు ఇచ్చి, ఇంతటితో మన మౌనం ఆపేద్దాం. అయిపోయినాక బస్సు పోతుందని పరిగెత్తొద్దండి. ఆమడగూరు నుంచి ఆమె పిల్లోళ్ళు వచ్చి ఈడ కూచోనుండారు. ఆమె పోయినప్పటి నుంచి వాళ్ళకు సైన్స్ పాఠం చెప్పేవాళ్ళు లేరు. ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్ల దగ్గరికి పోండి. ఏమి అర్థం కాలేదు అని అడగండి. వాళ్ళు చెప్తారు. మీకు తెలియకపోతే, తెలియదనండి.

లేయండి. అందరూ లేచి నిలబడండి.