రంగూన్‌కి ఒక్కరోజు

అది 1964. రంగూన్‌లో మంచం పట్టిన అక్కను చూడాలని రూతమ్మ జంషెడ్‌పూర్‌లోని వీసా ఏజెంటు చిన్నారావు గుమ్మం మళ్లీ తొక్కింది.

"బర్మావాళ్లు చుట్టపుచూపుకి వీసా ఇవ్వట్లేదని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?"

"నాను పుట్టిందే అక్కడ బాబూ! జపానోళ్ల యుద్ధమొచ్చి, ఇండియాకి నడిచొచ్చేసినాం గానీ."

"అయినా అంతే. టూరిస్టులకైతే ఒక్కరోజుకిత్తన్నారు."

"ఒక్కరోజా? అక్క పక్కన కూకుని ఏడవడానికైనా చాలదే!"

రూతమ్మ లేచి గుమ్మందాకా వెళ్లి, విసురుగా వెనక్కొచ్చింది.

"సరే, ఆ ఒక్కరోజే ఇప్పించు."

"ఏటి చూడ్డానికెల్తన్నావని అడుగుతారు."

"అక్కని!"

"అరే, టూరిస్టులు అక్కల్ని చూడరమ్మా! బుద్ధుడి గుడి చూడ్డానికని రాత్తాను."

"నాను చర్చికెళ్లే మనిషిని. అబద్ధమాడమంటావా?"

"అక్కని చూడాలా, వద్దా?"

రూతమ్మకు ఒళ్లు మండింది. అంతలోనే కళ్లు నిండాయి.

"రాసీ బాబూ," అంది. "ముందా గుడే చూసి, ఆనక అక్క దగ్గరికెల్తాను. అప్పుడు అబద్ధమవదు."