ఉలిగమ్మ పేరు మీద బండి

ఉలిగమ్మ అని కురుబోళ్ల ఆడమనిషి ఉండాదనుకో. గొర్రెలకు జబ్బొచ్చి మందంతా పడిపాయ, ఒగ పొట్టేలు మిగిలినాది. మొగుడేమో బెంగుళూరు పోయి మట్టి మోద్దాం పా అంటాడు, ఈమె నేను రాను, గొర్రెలే మేపుతా అంటాది. అమ్మేకి ఇరవై గొర్రెలుండాయి, శనివారం సంత దంకా ఎవురికీ ఇయ్యకుండా ఆగుతానన్నాడంట ఒగాయప్ప. సరే, లోనుకని బ్యాంకుకు పోయినాది. ఏమైందంటే, మేనేజరు కంప్యూటర్లో సూసి నీకు రాదమ్మా అన్నాడంట. ఎందుకు రాదు సామీ అంటే, నువ్వు మోటరు సైకిలు కొని పద్నాలుగు నెల్లాయ, ఒగ కంతన్నా కట్టలేదే అన్నాడు. "నేనా! బండెనక కూకుంటేనే కండ్లు తిరుగుతాయి, నాకెందుకు సామీ బండి?" ఆయప్ప ఒగ కాగితం తీసి, "ఇది క్రెడిట్ రిపోర్టమ్మా. నువ్వు యాడ అప్పు సేసినా, కట్టినా ఎగ్గొట్టినా ఇందులో పడతాది. ఇది సూసే మేం ఇచ్చేది" అన్నాడు. నా గురించి ఇంత రాసుకోని నాకే సెప్పలేదే అనె ఉలిగమ్మ. అడిగితే ఏడాదికోసారి ఊరికే ఇస్తారు, ఎవురూ అడగరు అన్నాడంట.

అట్లే బస్సెక్కి, బండికి అప్పిచ్చిన టౌను ఆఫీసుకు పోయినాది. ఆడ టక్కేసినోడొగడు, "అందురూ ఇట్లే అంటారు పోమ్మా, ఇదో నీ ఆధార్ జెరాక్సు" అని మొగాన పెట్టె. ఈమె కాగితం మూల సూసి, "ఇది సంతలో సిమ్ములమ్మే ఓబులేసుకిచ్చినది" అనె. ఎట్ల తెలుసంటారా? ఈమెకు రాసేకి రాదు, సదివేకి రాదు. ఏ ఇంటి గొర్రెపిల్లో తెలిసేకి చెవి కోస్తాం సూడు, అట్ల జెరాక్సు ఎవురికిచ్చినా మూలన ఒగ గుర్తు గీసిస్తాదంట. రేషనోనికి గంప, బ్యాంకుకు తాళం, ఓబులేసుకు తేలు. తేలెందుకంటే, వాని మొగం సూస్తే అదే తోచిందంట. నవ్వింది సాలు, ఇనండి. ఆడనుంచి స్టేషనుకు పోతే, తేలు వానిదే అని నాకేం నమ్మకం అన్నాడు ఎస్సై. "రేషనోనికి ఫోను సెయ్యి సామీ, వానికిచ్చిన జెరాక్సు మీద గంపుండాదో లేదో అడుగు" అనె. సేస్తే గంపుండాది. బ్యాంకుకు సేస్తే తాళముండాది. ఇంగ జీపు నేరుగా ఓబులేసు అంగడికే. బీరువా తెరిస్తే ముప్పైయేడు మంది ఆడోళ్ల ఆధార్లు కట్ట కట్టి పెట్టినాడంట. బండి వాని బామ్మర్ది తోల్తాండాడు.

దొంగ దొరికె, అయిపాయ అనుకుంటాండారా? ల్యా. ఆ రిపోర్టు కాగితం దానంతట అది కడుక్కోదు. టౌను ఆఫీసుకు అర్జీ, రిపోర్టు రాసేటోళ్లకు అర్జీ, పోలీసు కాగితం దానికి కుట్టి పంపేది, మళ్లా తిరిగేది. నెల పైన పట్టినాది. శనివారం యాడ ఆగుతాది? ఆ ఇరవై గొర్రెల్నీ ఎవురో తోలుకపాయ. మొగుడు మూట కడితే, నువ్వు పోయిరా, నేనిది తేల్చుకోందే కదల్ను అనిందంట. లోనొచ్చేతలికి ధర పెరిగి పదైదే వచ్చినాయి. పదైదే మేపుతాంది. మొగుడూ తిరిగొచ్చినాడు.

ఆ ముప్పైయేడు మందిలో రిపోర్టు సూసుకునేకి పోయినోళ్లు నలుగురు. కడమోళ్లు, మేం అప్పే సెయ్యలేదు మాకెందుకు అంటారు. ఉలిగమ్మ మాత్రం సేసిందా? నేను పోతి. నాది బాగానే ఉండాది. వచ్చినదాన్ని వచ్చినట్లు మా ఇంటాయప్పది గూడా అడిగితి. సచ్చి ఆరేండ్లాయ గదా, పోయిన ఉగాదికి అప్పు సేసి పెద్ద టీవీ కొన్నాడంట. బతికున్నన్నాళ్లు నాకొగ రైక గుడ్డ తెచ్చినోడు కాదు.