నా ముడతలు నాకిచ్చెయ్

ఇదెవరు బుడాన్ సాయిబూ? మా ఆయన పక్కన కుర్చీలో కూచున్న ఈ దొరసాని ఎవరని అడుగుతున్నా. చీర నాదే. మెళ్ళో గొలుసూ నాదే. మొహం మాత్రం ఉడకబెట్టి తొక్క తీసిన చిలగడదుంపలా ఉంది.

నేనేనా? నేనేనంటావా? పొద్దున్నే పెదనందిపాడులో బస్సెక్కి, గుంటూరు దాకా ఒంటికాలి మీద నిలబడి, ఈ బ్రాడీపేటలో నీ స్టూడియో మెట్లెక్కింది ఈవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికా? డెబ్భై ఏళ్ళ కోటేశ్వరమ్మ ఇంక ఈవిడకి వండిపెట్టాలా?

కూచోమనకు. కూచుంటే కోపం చల్లారిపోతుంది. సరే, కూచుంటాలే. ఈ మోకాళ్ళు ఎప్పుడూ నీ పక్షమే.

నువ్వేదో చెడు చేశావని కాదు. పెన్సిలు చెక్కి చెక్కి, నెగెటివ్ మీద గీసి గీసి, నా ముడతలన్నీ పూడ్చిపెట్టావు. మా ఊరి రోడ్డు గుంతల్ని కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా పూడ్చలేదు. నువ్వు దీన్నే క్వాలిటీ అంటావు. కస్టమర్ల తృప్తే మా తృప్తి అని గోడకి బోర్డు కూడా పెట్టుకున్నావు. ఆ కస్టమర్లు నాకు తెలీదా ఏం? సగం మంది మా వీధివాళ్ళేగా.

పున్నమ్మ తెల్లగా చెయ్యమంది, చేశావు. పగిలిన పత్తికాయంత తెల్లగా చేశావు. ఆ ఫొటో వసారాలో తగిలించిన రోజున వాళ్ళ కుక్క దాన్ని చూసి పొద్దుగూకేదాకా మొరిగింది. పున్నమ్మకి మాత్రం మహా తృప్తి. ఇప్పుడు బజార్లో ఎలా నడుస్తుందనుకున్నావు? అసలు పున్నమ్మ ఫొటోలో ఉన్నట్టూ, తనెవరో ఆమె తరఫు చుట్టమన్నట్టూ నడుస్తుంది.

వెంకటరావమ్మ మొగుడిది బట్టతల. పోయాక నువ్వు జుట్టు పెట్టావు, గిరజాలతో సహా. తద్దినానికొచ్చిన పంతులుగారు ఆ ఫొటో చూసి, ఇల్లు తప్పాననుకుని గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. నేను చూశా. అంటే, చూసినవాళ్ళు చెప్పారు.

ఇక కోటు. నీ దగ్గరున్నది ఒకటే నల్లకోటు. ఎవరెవరి గ్రూపు ఫొటోల్లోంచో తలకాయలు కోసి ఆ కోటు మీద అంటిస్తావు. గుంటూరు జిల్లాలో పోయిన మగాళ్ళంతా ఇవాళ ఆ ఒక్క కోటులోనే ఉన్నారు. యమధర్మరాజు వీళ్ళందర్నీ ప్లీడర్లనుకుని కుర్చీలు వేయించి ఉంటాడు.

నవ్వావు, చాల్లే. మా ఆయనకీ అదే తొడిగావుగా. దానికి నేనేమీ అనను. పొగాకు కంపెనీవాళ్ళు తీయించిన గ్రూపు ఫొటోలో, మూడో వరసలో, వేలిగోరంత మొహం ఆయనది. ఆయనకున్న ఫొటో అదొక్కటే. దాన్ని నువ్వు ఇంత చేసి, కళ్ళు కూడా తెప్పించావు. నీ చేతికి దండం పెట్టాలి. ఆ కుడి కనుబొమ కాస్త ఎగిరి ఉంది చూడు, కూరలో ఉప్పు తగ్గితే నన్ను అలాగే చూసేవాడు. పోయినవారం ఇంట్లో నీ మచ్చు ఫొటో విప్పగానే లేచి ఉప్పు తేబోయాను.

పోయేనాటికి ఆయనకి ముప్పై రెండు. నాకు ఇరవై ఏడు.

ఆఁ? అందుకే చేశానంటావా? అంత కుర్రాడి పక్కన నన్ను ఉన్నదున్నట్టు కూచోబెడితే నాయనమ్మా మనవడూ అనుకుంటారనా?

ఇవి నీ మాటలు కావు, మా పెద్దకోడలు రాజ్యానివి. ఆ మచ్చు ఫొటో చూసి అదే అంది. "అత్తయ్యా, మామయ్యగారిని మీరే ఎత్తుకు పెంచినట్టుంది" అంది. కొత్త డాబా హాల్లో, టీవీ పైన పెడతారట. వచ్చినవాళ్ళు నవ్వకూడదట. నీకు కబురంపి నా ముడతలు తీయించింది అదేగా? మొహం అటు తిప్పుకుంటే నాకు తెలియదనుకున్నావా?

ఆయనకే కాస్త తెల్లజుట్టు పెడతానంటావా? వద్దు నాయనా. ఆయన ముసలితనం నువ్వు చూశావా, నేను చూశానా? లేనిది గియ్యకు. నావి ఉన్నవి. ఇదిగో, కళ్ళ పక్కన ఇవి మిరప కళ్ళంలో ఎండకి కళ్ళు చికిలించి చికిలించి సంపాదించుకున్నవి. నుదుటి మీదవి పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు వచ్చాయి. తెల్లారి మొహం కడుక్కుంటుంటే చేతికి తగిలాయి. మూతి చుట్టూ ఉన్నవి రాజ్యం కాపురానికొచ్చాక. వాటిమీద హక్కు దానికీ లేదు.

ఎందుకింత పట్టు అంటావు. చెప్తా. మా ఇంటిదాకా మోసుకెళ్ళకు.

హాలు కోసం కాదయ్యా ఈ ఫొటో. ఆయన నన్ను ఆఖరుసారి చూసినప్పుడు నా జడ నడుము దాటేది. నడుమేమిటి, నేల ఊడ్చేది. రేపో మాపో నేనూ అక్కడికి వెళ్ళేదాన్నే. నేను ఆయన్ని గుర్తుపడతాను, ఇబ్బంది లేదు. ఆయన నన్నెలా గుర్తుపడతాడు? ఎదురెళ్ళి నిలబడితే, "ఎవరింటికి రావాలి మామ్మగారూ" అని దారిచ్చి పక్కకి తప్పుకుంటే? తప్పుకుంటాడు. పెద్దవాళ్ళంటే ఆయనకి మర్యాద ఎక్కువ.

అందుకని ఇప్పట్నించే పక్కన కూచోబెట్టమంటున్నా. రోజూ చూస్తూ ఉంటే ఆయనకి ఈ మొహం అలవాటవుతుంది. ఏడాదో రెండేళ్ళో, దేవుడెంతిస్తే అంత.

ఆ పెన్సిలంతా తుడిచేసి మళ్ళీ కడుగు. ఈ దొరసానిని రాజ్యానికిస్తా, హాల్లో పెట్టుకోమను. నాది నా గదిలో మేకు కొట్టించి తగిలించుకుంటా.

మొదట్లో జడుసుకుంటాడేమో. జడుసుకోనీ. మేకుకి తగిలించాక ఎక్కడికి పోతాడు.