డాక్టరు చీటీ ఉన్నంతకాలం

కొలవండి కెస్లర్ గారూ, ఇంకోసారి కొలవండి! వచ్చిన దగ్గర్నుంచి మూడుసార్లు కొలిచారు, నా ఇల్లేమైనా పక్కకి జరిగిందా? ఆ ముందున్న ఇంటికీ, వెనకున్న నా ఇంటికీ మధ్య వంద అడుగులు దాటకూడదంటారు. తొంభై నాలుగే ఉంది. పైగా ఆ బురదలో మోకాళ్ల మీద కూచుని, అడుగున చక్రాలున్నాయో లేవో టార్చి వేసి మరీ చూశారు! ఏం, దొరికాయా?

రండి, లోపలికొచ్చి కూర్చోండి. కాఫీ తాగుతారా? లేక, సర్కారు మనిషి ట్రైలర్లో కాఫీ తాగకూడదని దానికీ ఓ రూలుందా? అబ్బ, నవ్వకండి. మీకు నప్పదు.

అవును, ట్రైలరే, లారీకి తగిలించి లాక్కుపోయే ఇల్లే. మీ కాగితాల్లో దానికి పెద్ద పేరు, 'కర్మాగారంలో తయారైన నివాసం' అట! ఊళ్లో వాళ్లు రేకు డబ్బా అంటారు. నాకు మాత్రం ఇల్లండీ. ఈ ఆర్లిస్ ట్వీట్ అనే ఆడమనిషికి అరవై ఏళ్లకి మిగిలింది ఇదొక్కటే.

అంతకుముందు నది పక్క ట్రైలర్ పార్కులో, ఇలాంటి ఇళ్లకి జాగా అద్దెకిచ్చే చోట ఉండేదాన్ని. ఆ నేల ఎవరికో అమ్మేసి మమ్మల్ని తోలేశారు. ఇంకో పార్కుకి వెళితే, "పదేళ్లు దాటిన ఇల్లు తీసుకోమమ్మా" అన్నారు. నాది ఇరవై రెండేళ్లది. సరే, ఊళ్లో స్థలం చూద్దామంటే, కప్పు ఏటవాలుగా ఉండాలట, వెడల్పు రెండింతలుండాలట, కారు షెడ్డు ఉండి తీరాలట. కారుకి గది కడితేగానీ మనిషికి గది ఇవ్వరు! ఏ పుణ్యాత్ముడు రాశాడండీ అది? వాడి కారు జన్మలో వానకి తడిసి ఉండదు.

ఇంతలో, రెండేళ్ల కిందట, అమ్మ స్నానాలగదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ముందున్న ఇల్లు నా తమ్ముడు డ్వైట్‌ది. లారీ తోలుతాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఉన్నవి రెండు గదులు. ఒకటి అమ్మకిచ్చాడు, రెండోదానికి తాళం వేసుకుపోతాడు మహానుభావుడు! "అక్కా, నీ డబ్బా తెచ్చి వెనక పెట్టుకుని అమ్మని చూసుకో" అన్నాడు. మీ ఆఫీసేమో 'కష్టకాలపు అనుమతి' అని ఓ కాగితం ఇచ్చింది. అమ్మకి మనిషి సాయం కావాలని డాక్టరు రాసినంతకాలం నా ఇల్లు ఇక్కడుండొచ్చు. అమ్మకి నయమైందా, తొంభై రోజుల్లో లాక్కుపోవాలి.

ఎక్కడికండీ? అది మాత్రం మీ రూల్లో లేదు.

ఆ 'కష్టం' అన్న మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి కష్టం? అమ్మ తుంటి విరిగితే కష్టం. నాకు తలదాచుకునే చోటు లేకపోతే అది కష్టం కాదు! మీ కౌంటరు దగ్గర పిల్ల నవ్వుతూ చెప్పింది, "ఫారంలో ఆ గడి రోగికి మాత్రమేనండీ" అని.

రెండేళ్ల అనుమతి గడువు ఈ నెలతో అయిపోతుంది కాబట్టి వచ్చానంటారు. నాకు తెలీదనుకోకండి. ఎదురింటావిడ ప్రూయెట్ మీ ఆఫీసుకి ఉత్తరం రాసింది, అవునా? ఆగస్టులో అమ్మ వాకర్ పట్టుకుని గేటు దగ్గరి పోస్టు డబ్బా దాకా వెళ్లొచ్చింది. ఎనభై మూడేళ్ల మనిషి, చేతిలో ఏవో కరపత్రాలు ఊపుకుంటూ, నవ్వుకుంటూ వచ్చింది. ఇంకెవరైనా అయితే చప్పట్లు కొడతారు. ఆ ఎదురింటావిడ ఫొటో తీసింది! ఎందుకు? తన కిటికీలోంచి నా ఇల్లు కనబడకూడదు, అంతే. ముసలామె నడిస్తే నా నీడ పోతుందని లెక్కేసిన ఆ బుర్ర చూడండి! ఛీ!

ఇందాక మీ కళ్లతో చూశారుగా అమ్మని. "లేవగలరా అమ్మా?" అని అడిగారు. కుర్చీ చేతులు పట్టుకుని ఎంత అవస్థ పడింది పాపం! లేవలేకపోయింది. డాక్టరు కూడా అదే రాశాడు, ఇదిగో చీటీ, పోయిన వారందే.

ఏమిటి? ఆగస్టులో నడిచిన మనిషి నవంబరుకి ఎందుకు లేవలేకపోతోంది అనా?

ఓహో! టేపు పట్టుకోవడమే వచ్చనుకున్నాను, బుర్ర కూడా ఉందే.

కసరత్తు చేయించే పిల్ల ఒకతె వచ్చేదండీ. బ్రీనా అని. మంగళవారం, గురువారం. ఎంత ఓపికో ఆ పిల్లకి! అమ్మ కాళ్లు వంచి, చాచి, మళ్లీ వంచి... ఆ పిల్ల చలవే, అమ్మ గేటు దాకా నడవడం. ఆరోజు నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను. ఏమనుకున్నానో తెలుసా? అమ్మయ్య, నా తల్లి లేచింది అనుకోలేదు. తొంభై రోజులు అనుకున్నాను.

మర్నాడు ఫోన్ చేసి, "ఇక రావద్దమ్మా, మేమే చేయించుకుంటాం" అని చెప్పేశాను. నేనే. ఆ ప్రూయెట్ కాదు, మీరూ కాదు. మరి చేయించానా? ఒక్కరోజు కూడా చేయించలేదు.

అమ్మకి తెలీదు. మంగళవారం వస్తే చాలు, బూట్లు తొడిగించుకుని, లేసులు కట్టించుకుని కూర్చుంటుంది. "ఆ పిల్ల ఇంకా రాలేదేమే?" అంటుంది. రోడ్డు బాగోలేదేమోనమ్మా అంటాను. ఇందాక బూట్లేసుకుని ఉంది, చూశారా? మీరొస్తున్నారని వేసుకుందనుకున్నారా?

పెట్టండి సంతకం. మళ్లీ రెండేళ్లకి అనుమతి ఇస్తారుగా?