పింకీ కడుపు ఖాళీయేనా

అలా విసుక్కోకండి డాక్టరమ్మగారూ, ఆ సూది ఒక్క నిమిషం పక్కన పెట్టండి. పింకీ ఎక్కడికీ పోదు, బల్ల మీదే ఉంది. లేచి పారిపోయే ఓపికే ఉంటే మామిడికుదురు నించి ఈ కుక్కని ఇంతదూరం ఆటోలో మోసుకొచ్చేదాన్నే కాదు.

ముందు ఆ తలుపు కాస్త దగ్గరకెయ్యండి. మా అత్తగారు బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆవిడకి కళ్లు మసకలేగానీ చెవులు మాత్రం... ఆయ్, గెడ కూడా పెట్టెయ్యండి.

నేనెవరితో చెప్పుకోనండీ? మా ఆయన మస్కట్లో ఉంటారు. ఫోన్ చేస్తే ముందు అమ్మ ఎలాగుందంటారు, తర్వాత పింకీ ఎలాగుందంటారు, ఆనక కొబ్బరి దింపేరా అంటారు. నా వంతొచ్చేసరికి ఆయన డ్యూటీ టైమైపోద్ది. ఏం చెప్పబోయినా ఒకటే మాట, అమ్మ చెప్పినట్టు చెయ్యి సత్యా అని. ఆ ముక్కేదో గోడ మీద రాయించి వెళ్లిపోతే ఫోను కూడా అక్కర్లేకపోను.

వస్తున్నానండి, అసలు సంగతికే వస్తున్నాను. మీరు వారానికోసారే అమలాపురం వస్తారని, మధ్యాహ్నానికి మళ్లీ కాకినాడ వెళ్లిపోవాలని కాంపౌండరుగారు చెప్పేరు. మీ తొందర మీకుంటుంది, కాదన్ను.

మీరు చెప్పినవన్నీ నా చెవిలోనే ఉన్నాయి. దాని గర్భసంచి నిండా చీము పట్టిందన్నారు. ఇవాళ తీసెయ్యకపోతే లోపల పగిలి ఒళ్లంతా విషమైపోద్దన్నారు. ఆపరేషను చేస్తే బతుకుద్దన్నారు. ఆ ఆశ మీదే కదండీ దీన్ని బల్లెక్కించేం.

నొప్పి ఎప్పట్నించని ఇందాక అడిగితే మా అత్తగారు నొప్పా, దానికి నొప్పేవిటండీ, అరవందే అన్నారు కదా. ఆవిడ అంతేనండి. అరిస్తేనే నొప్పి. ఇది అరవలేదు నిజమే. అరుగెక్కడం మానేసింది. దొడ్లో గోడకేసి మొహం పెట్టుకుని కూర్చునేది. పొట్ట మీద చెయ్యేస్తే పెదాలు నాక్కునేది. ఇంట్లో ఇంతమందిమి తిరుగుతున్నాం, చూసింది నేనొక్కదాన్నే.

పిల్లులైతే మరీనంట కదా. చచ్చేదాకా బయటపడవని మీరే అన్నారు, ఆ బోనులో పిల్లిని చూపించి. దానికింకా మత్తు దిగలేదనుకుంటానండి. కళ్లు తెరిచే ఉంది గానీ చూపు లేదు.

నిద్రకో మందు, నొప్పికో మందు, రెండూ వేరువేరని మీరు చెప్తుంటే నాకు ఏడుపొచ్చేసిందండి. నిద్రలో ఉన్నా ఒంటికి నొప్పి తెలుస్తుందట, అందుకని ముందే ఇస్తారట. లేచేక కూడా ఇస్తారట. కుక్కకి! తప్పుగా అనుకోకండి, కుళ్లుకుని అనట్లేదు. నాకెవరూ ఇలాగ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే.

ఆయ్, నాకూ ఇదే ఆపరేషనండి. గర్భసంచి తీసేసేరు. చిన్నోడు పుట్టిన కొన్నేళ్లకి. అప్పటికి ఈ పింకీ చిన్న కుక్కపిల్ల. ఇంటికొచ్చేక నన్ను వెనకగదిలో పడుకోబెట్టేరు. అందరూ గుమ్మంలోంచి పలకరించి పోయేవారు. ఇదొక్కతే నా మంచం కిందకి దూరి, నేను మూలిగినప్పుడల్లా లేచి మొహంలోకి చూసేది.

ఎందుకు చెప్తున్నానంటారా? ఇంకో రెండు ముక్కలండి. ఆ సూది చేతిలో పట్టుకోకండి, నాకు భయమేస్తోంది.

ఆ ఆపరేషను రోజు పొద్దున్న మా అత్తగారు గుడికెళ్లి ప్రసాదం తెచ్చేరు. ఆస్పత్రి మంచం మీదే నా నోట్లో పెట్టేరు. ఏమీ తినకూడదన్నారండీ అన్నాను. ప్రసాదం తిండేవిటే అన్నారు. కాసేపటికి మత్తు డాక్టరుగారు వచ్చి ఏవైనా తిన్నావా అమ్మా అనడిగేరు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ, రాత్రినించి కటికోపవాసమండి అన్నారు.

అబద్ధమాడేరనుకోకండి. మా అత్తగారు చచ్చినా అబద్ధమాడరు. ఆవిడ లెక్కలో ప్రసాదం కడుపులోకి వెళ్లదు, ఇంకెక్కడికో వెళ్తుంది. పెద్దావిడ పక్కన నిలబడి చెప్తుంటే, కాదండీ తిన్నానని నేనెలా అనను? ఇద్దరు పిల్లల తల్లినై ఉండీ నోరు మూసుకుని బల్ల ఎక్కేను.

మత్తులో ఉండగా వాంతయిందట. అది ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది. మెలకువొచ్చేసరికి గొంతులో గొట్టం. గాలి కోసం రొమ్మంతా ఎగిరెగిరి పడుతోంది, గాలి మాత్రం రావట్లేదు. అది ఎలాగుంటుందో మీకు పుస్తకాల్లో రాసుంటుందేమో గానీ, నాకు తెలుసండి.

ఇంటికొచ్చేక ఆవిడేమన్నారో తెలుసా? ప్రసాదం తిన్నావు కాబట్టే బతికేవు అన్నారు. నవ్వకండి. ఆ మాట మా వీధిలో ఇప్పటికీ చెప్తారు. నేను పక్కనే కూర్చుని తలూపుతాను.

...సూది కింద పెట్టేసేరు. మీకర్థమైపోయింది.

అవునండి. ఇవాళ శనివారం కదా, తెల్లారకుండానే అప్పనపల్లి గుడికెళ్లొచ్చేరు. పింకీ పేరు మీద మొక్కుకున్నారట. దొప్ప నిండా చక్కెరపొంగలి, నెయ్యి కారుతూ. ఆపరేషను పడొచ్చు, ఏమీ పెట్టొద్దని కాంపౌండరుగారు నిన్న ఫోన్లో చెప్పేరని, రాత్రినించి నేను నీళ్లగిన్నె కూడా దాచిపెట్టి, ఎవరూ దాని దగ్గరకెళ్లకుండా కాపలా కాసేనండి. ఆటోలో బోడసకుర్రు వంతెన దాటుతుండగా ఆవిడ సంచిలోంచి దొప్ప తీసేరు.

గేటు దగ్గర కాంపౌండరుగారు కడుపు ఖాళీయేనా అని అడిగితే, కటికోపవాసమండి అన్నది ఆవిడే. అప్పుడు కూడా నేను పక్కనే ఉన్నాను. ఈ తలుపు వేసుకునేదాకా నా నోట్లోంచి మాట రాలేదు. ఏం మనిషినండీ నేను?

ఇప్పుడేం చేస్తారు? ఆపరేషను మానేస్తారా? మానేస్తే రేపటిదాకా ఉండదన్నారు. చేస్తే నాకయినట్టే అవుద్ది. నాకంటే గొట్టాలున్నాయి, పెద్దాస్పత్రి ఉంది. దీనికేముంది?

సాయంత్రందాకా ఆగుతారా? మీ ప్రయాణం మానుకుని? సెలైను పెట్టి, వాంతి రాకుండా మందిచ్చి... ఆయ్. ఆయ్. మీకు దణ్ణం పెడతానండి. మరి అప్పటిదాకా అది ఆగుద్దా?

చెప్పలేరు. సరేలెండి. నొప్పిమందొక్కటీ ఇప్పుడే ఇచ్చెయ్యండి. ఆగినంతసేపూ హాయిగా ఆగనివ్వండి.

ఒక్క మాటండి. బయటికెళ్లి ఆవిడతో, కడుపులో ఏదో ఉన్నట్టు స్కానింగులో కనపడిందని చెప్పండి. మిషను చెప్పిందంటే నమ్ముతారు. నేను చెప్పేనని మాత్రం అనకండి. ఆటోలో నేను వద్దనుంటే, రేపు దీనికేవైనా అయితే ప్రసాదానికి అడ్డం పడింది కాబట్టే పోయిందంటారు. ఆ మాట మస్కట్ దాకా వెళ్తుంది. పెట్టనిస్తే ఇదిగో, ఇలాగ. ఎటు చూసినా తప్పించుకునే దారి లేదు. మీరు కాకినాడ వెళ్లిపోతారు. నేను మళ్లీ అదే ఆటోలో, ఆవిడ పక్కనే కూర్చుని, అదే ఇంటికి వెళ్లాలి.

ఎంత తిందో ఆవిడ్నే పిలిచి కనుక్కుంటారా? వద్దండి. తలుపు తియ్యకండి. ఆవిడకి తెలీదు.

తెలీదంటే... ఆవిడ పెడితే తినలేదండి. మూడు సార్లు నోటి దగ్గర పెట్టేరు. మొహం తిప్పేసుకుంది. వాసనకే డోకొచ్చినట్టయింది పాపం దానికి. అన్నం ముట్టక ఎన్నాళ్లో అయిపోయింది, పాలు కూడా వదిలేసింది. హమ్మయ్య, తినదులే అనుకున్నాను నేను. లోపల్లోపల దణ్ణం కూడా పెట్టుకున్నాను.

అప్పుడావిడ దొప్ప నా ఒళ్లో పెట్టి, నీ చేత్తో పెట్టు సత్యా, నీ చేత్తో అయితే తింటది అన్నారు.

పెట్టేనండి. అన్నీ తెలిసుండి పెట్టేను. గుప్పెడుంటుంది. నమలనైనా నమల్లేదు, నా మొహంలోకి చూస్తా మింగేసింది. ఆకలేసి కాదండి. నేను పెట్టేనని తినేసింది.