రూతు కూర్చున్న కారు

ఆ కుర్చీ ఇటు లాక్కోమ్మా క్రిస్టినా, అక్కడ ఎండ మొహాన కొడుతుంది. ఏంటీ, మళ్ళీ అడుగు. మీ నాన్న విజయ్ పాల్, కడుపుతో ఉన్న మీ అమ్మని ఆ చెడిపోయిన కార్లో ఎందుకెక్కించాడనా? ఎవరన్నారు నీతో? మీ మేనత్తలై ఉంటారు. పెద్దింటోళ్ళ కారు కోసం పెళ్ళాం ప్రాణం మీదికి తెచ్చాడని అప్పట్లోనూ అన్నారు. అనేవాళ్ళకేం పోయింది. ఆ రోజు కార్లో వెనక సీట్లో కూర్చున్నది ఈ చిట్టియ్య, వాళ్ళు కాదు. నీకు ఊహ తెలిసేలోపే మీ నాన్న పోయాడు కాబట్టి ఎవరేం చెబితే అది నమ్ముతున్నావ్. నేను చెబుతా విను, కాకపోతే నాకు ఒకటి చెబుతుంటే ఇంకోటి గుర్తొస్తుంది, తొందర పెట్టకు.

ధవళేశ్వరంలో కాలవ పక్కన మా రెండు షెడ్లకీ ఒకటే గోడ. నాది టింకరింగు, సొట్టలు తీసేపని. మీ నాన్నది మెకానిక్ షెడ్డు. మస్కట్‌లో పెద్ద కార్ల వర్క్‌షాపులో చేసొచ్చాడు కదా, ఇంత లావు ల్యాప్‌టాపొకటి, దానికో వైరూ తెచ్చుకున్నాడు. ఆ వైరు తగిలిస్తే కారు తన రోగం తనే చెప్పుకుంటుందనేవాడు. నేను నవ్వేవాణ్ణి. వాడికో పద్ధతుండేది. ఏ బండి బాగుచేసినా, తాళం ఇచ్చే ముందు మీ అమ్మని ఎక్కించుకుని ఓ రౌండు కొట్టొస్తాడు. "నా ఇంటిమనిషిని కూర్చోబెట్టలేని బండి ఇంకోళ్ళకెలా ఇస్తాను బాబాయ్" అనేవాడు. మీ అమ్మకీ సరదాయే. అంబాసిడర్లు, జీపులు, ఆఖరికి పాల వ్యాన్లో కూడా ఊరేగింది. జనాలకి ఎంత అలవాటైందంటే, బండి తీసుకోడానికొచ్చి ముందు "రూతమ్మ గారు ఎక్కారాండి?" అని అడిగేవారు. ఎక్కలేదంటే కూర్చుని టీ తాగేవారు.

ఇప్పుడు ఆ కారు సంగతి. మండపేటలో సీతారామరాజు గారని రైస్ మిల్లాయన. ఆయన భార్య సుబ్బాయమ్మ గారికి గుండె జబ్బు. ఉక్కపోస్తే చాలు ఊపిరందదు. అంబాసిడర్లో కూర్చోలేకపోతోందని, హైదరాబాదులో ఎవరో వాడేసిన ఫారిన్ కారొకటి కొన్నారు. నల్లటిది, పొడుగ్గా ఉండేది. ఏసీ వేస్తే లోపల వణుకు పుట్టేది. దాని రోగమేంటంటే, పోతూ పోతూ ఉన్నట్టుండి యాక్సిలేటర్ చచ్చిపోతుంది. ఎంత తొక్కు, ఇంజను గుర్రుమంటుంది, బండి నత్తనడక. ముందర పసుప్పచ్చ లైటు. పక్కకాపి తాళం తీసి మళ్ళీ పెడితే ఏం ఎరగనట్టు పరిగెడుతుంది. ఒకసారి లారీల మధ్యలో అలా అయ్యేసరికి ఆ భయానికే సుబ్బాయమ్మ గారికి ఆయాసం వచ్చి, ఆస్పత్రిలో పెట్టాల్సొచ్చింది. పైగా రాజమండ్రిలో గుండె ఆపరేషన్‌కి రోజు ఖాయం చేశారు. రాజుగారు షెడ్డుకొచ్చి, "విజయ్ పాల్ గారూ, ఆవిడని ఇందులోనే తీసుకెళ్ళాలండి. ఆగుద్దో ఆగదో మీరు నికరంగా చెప్పాలండి" అన్నారు. అంత పెద్దమనిషి చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. మీ నాన్నకి ఆ రోజు నుంచీ అన్నం సయించలేదు.

పాత బండ్లలో పెడల్ నుంచి ఇంజను దాకా తీగుంటుందమ్మా. తొక్కితే తీగ లాగుతుంది, గాలి మూత తెరుచుకుంటుంది, బండి పోతుంది. ఇందులో తీగే లేదు. పెడల్ దగ్గర రెండు సెన్సార్లు, కాలు ఎంత తొక్కిందో కంప్యూటర్‌కి చెబుతాయి, కంప్యూటర్ చెబితే మోటారు ఆ మూత తెరుస్తుంది. రెండు సెన్సార్లూ చెరో మాట చెప్పాయనుకో, కంప్యూటర్‌కి నమ్మకం పోతుంది. ఇంక నీ కాలు ఎంత మొత్తుకున్నా వినదు. ఇదంతా మీ నాన్న చెప్పిందే, నాకు రేకు తప్ప ఏం తెలుసు. ల్యాప్‌టాపు ఓసారి మూత పాడైందంది, ఓసారి పెడల్ పాడైందంది. మూత మార్చాడు. వైర్లన్నీ చేత్తో తడిమాడు, కదిపాడు, వేడి గాలి కొట్టి చూశాడు. రోజూ వేసుకెళ్ళి తిప్పేవాడు. అద్దాలు దించి, ఏసీ కట్టేసి, చెవి ఇంజను మీదే పెట్టి నడిపేవాడు. ఒక్కసారీ ఆగలేదు. ఆగితే బాగుణ్ణని ప్రార్థన చేసుకునేవాడంటే నమ్ము. "చెడిపోయిన బండంటే భయం లేదు బాబాయ్, బాగున్నట్టు కనపడేదంటేనే భయం" అనేవాడు. ఎన్ని రోజులు తిప్పినా ఆగకపోయేసరికి, మూతదే తప్పు, తగ్గిపోయిందిలే అనుకున్నాడు. అనుకునే మీ అమ్మని ఎక్కించాడు. విన్నావా? చెడిపోయిందని తెలిసి కాదు.

మీ అమ్మకి నెలలు నిండుతున్నాయి. ఎక్కగానే "అబ్బా, ఉడికిపోతుందండీ" అంది. ఏసీ వేశాడు. నేను వెనక ల్యాప్‌టాపు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. కడియం వైపు కాలవ రోడ్డు. నర్సరీల్లో గులాబీలు చూపించి ఏవో కబుర్లు చెబుతోంది మీ అమ్మ. రైలు గేటు తీసే ఉంది. ముందు చక్రాలు పట్టాల మీదికి ఎక్కాయో లేదో, పసుప్పచ్చ లైటు. పెడల్ చచ్చింది. అప్పుడే గంట మోగడం మొదలైంది, గేటుమ్యాను అరుస్తున్నాడు, అవతలి కర్ర దిగుతోంది. తాళం తీసి పెట్టొచ్చు, కానీ మళ్ళీ స్టార్టవకపోతే? మీ నాన్న తాళం ముట్టుకోలేదు. బ్రేకు ముట్టుకోలేదు. బండి దాని మానాన అది పాక్కుంటూ పోతోంది, నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మీ అమ్మ పొట్ట మీద చెయ్యేసుకుని, దిగుతున్న ఆ కర్ర వైపే చూస్తోంది. గేటుమ్యాను కర్ర ఆపి పట్టుకున్నాడు, మేం కిందనుంచి దూరి బయటపడ్డాం. కాసేపటికి వెనకాల గూడ్సు పోయింది.

రోడ్డు పక్కన ఆపి దిగాం. అప్పుడు మీ అమ్మే అంది, "మీ పాదం తడిసిందేంటండీ" అని. చెప్పుల్లేకుండా నడుపుతాడు కదా. వాడూ, నేనూ భయానికే ఏదో అయిందనుకున్నాం, నవ్వకు. మ్యాట్ ఎత్తితే కింద నీళ్ళు. ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి, నీళ్ళు వెనక్కొచ్చి సరిగ్గా పెడల్ వైర్ల మీద కారుతున్నాయి. సుబ్బాయమ్మ గారికి సీటు వేడెక్కకూడదని, డ్రైవరు కారుని మిల్లులో ఊక గుట్ట పక్క నీడలో పెట్టేవాడు. గొట్టం నిండా ఊక దుమ్మే. ఏసీ లేకుండా మీ నాన్న ఎన్నాళ్ళు తిప్పినా అది కనపడదు. ఆరిపోతే మామూలైపోతుంది మరి.

గొట్టం కడిగాడు, పచ్చగా చిలుమెక్కిన ఆ వైర్ల ముడి మొత్తం మార్చాడు. ఏసీ వేసుకుని ఒక్కడే ఆ గేటు మీదుగా పొద్దస్తమానం తిరిగాడు. బాగుంది. రాజుగారు వచ్చారు, మర్నాడే ఆపరేషన్. మీ నాన్న తాళం జేబులో వేసుకుని, "అయిపోయిందండి. కానీ ఇవ్వలేనండి" అన్నాడు. ఎందుకో రాజుగారికి తెలుసు. మీ అమ్మ వైపు చూడకుండా నేల చూస్తూ నిలబడ్డారు. ఎలా అడుగుతారు? మీ నాన్న ఎలా అడుగుతాడు? అప్పుడు మీ అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. మీ నాన్న దిగమన్నాడు. "నాకు నమ్మకం లేదు రూతూ" అన్నాడు, అందరి ముందూ. "నాకుందండీ, పదండి" అంది. నేనూ ఎక్కాను, తప్పుతుందా. ఏసీ వేసింది మీ అమ్మే. గేటు దాటేటప్పుడు మీ నాన్న ఊపిరి బిగపట్టడం వెనక సీట్లోకి తెలిసింది. దాటింది. కడియం దాకా పోయి, మళ్ళీ దాటొచ్చాం. ఏ లైటూ లేదు. సుబ్బాయమ్మ గారు అందులోనే ఆస్పత్రికెళ్ళి అందులోనే ఇంటికొచ్చారు, చాన్నాళ్ళు బతికారు కూడా.

మీ నాన్న మాత్రం ఆ సాయంత్రం కాలవ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ పద్ధతి అక్కడితో సరి. ఇంక ఏ బండిలోనూ మీ అమ్మని ఎక్కనివ్వలేదు. నువ్వు పుట్టిన రోజు ఆస్పత్రికి రిక్షాలో తీసుకెళ్ళాడు. ఎండలో, ఆ రిక్షా పట్టుకుని పక్కనే నడుచుకుంటూ. షెడ్డు నిండా కార్లున్నాయమ్మా ఆ రోజు. అన్నీ బాగుచేసినవే.

...ఏం లేదులే. ఆ కిటికీ ఓ రెక్క తియ్యి, గాలాడ్డం లేదు.